పొలము వాలును లెక్కించుట – టాంజెంటు నిష్పత్తి, దాని ఉపయోగములు

మెట్ట పొలములో కురిసిన వాన నీరు ఏ వైపునకు పోవునో మీకు తెలియును. ఎంత వడిగా పోవునో కూడ చూచియే యుందురు. కాని ఆ వాలు ఎంత అని అడిగినచో పలువురు చేయి వంచి చూపుదురే గాని అంకె చెప్పజాలరు. గట్లు వేయుటకు, వాటి మధ్య ఎడము నిర్ణయించుటకు చేతి సైగ చాలదు, అంకె కావలెను. ఆ అంకెను ఇచ్చునది త్రికోణమితిలోని టాంజెంటు నిష్పత్తి. దీనిని క్లుప్తముగా టాన్ అందురు. ఇది పాఠశాలలో పరీక్ష కొరకు చదివి మరచిపోవు విషయమని తలంపవలదు. కూడికలు, భాగహారములు వచ్చిన ప్రతి రైతునకును ఇది వచ్చును.

ఇటీవల చాలమంది చేతిలో ఫోనున్నది. అందులో కోణము చూపెడి యాప్‌లు కలవు. ఫోనును ఒక పొడవాటి బద్దపై నుంచి నేల వాలుగా పెట్టినచో "3" అని చూపునని అనుకొందము. రైతు దానిని 3 శాతము వాలు అని తలచి, ఆ లెక్కకు గట్లు వేసినచో, తొలి పెద్ద వానకే గట్టుకు గండి పడవచ్చును. ఏలయన ఫోను చూపినది 3 డిగ్రీలు, 3 శాతము కాదు. ఈ రెంటికిని గల భేదము ఎంత, దాని వలన నష్టమెంత అనునది ఈ పాఠములో ముఖ్యముగా తెలిసికొందము.

1. టాన్ అనగా నేమి?

ఒక చీటీపై అడ్డముగా ఒక గీత గీయుడు. దాని కుడి కొన నుండి నిట్టనిలువుగా పైకి మరియొక గీత గీయుడు. ఎడమ కొనను, నిలువు గీత పై కొనను కలుపుడు. ఇది లంబకోణ త్రిభుజము. అడ్డగీత మీరు సమతలముగా నడచిన దూరము. నిలువు గీత మీరు ఎక్కిన ఎత్తు. ఏటవాలు గీత, అనగా కర్ణము, నేల యొక్క వాలు. ఎడమ మూలలో అడ్డగీతకును వాలు గీతకును మధ్యనున్నది వాలు కోణము.

ఈ కోణమునకు ఎదురుగా నున్న నిలువు గీతను ఎదుటి భుజమనియు, కోణమును ఆనుకొని యున్న అడ్డగీతను ఆసన్న భుజమనియు అందురు. ఎదుటి భుజమును ఆసన్న భుజముచే భాగించగా వచ్చునదే ఆ కోణము యొక్క టాన్.

టాన్ = ఎక్కిన ఎత్తు ÷ సమతల దూరము

సమతలముగా 20 మీటర్లు పోవుసరికి నేల 1 మీటరు లేచినచో టాన్ విలువ 1 ÷ 20 = 0.05. దీనిని నూరుచే గుణించినచో 5 శాతము వాలు అగును. కనుక వాలు శాతమనగా టాన్‌ను నూరుచే గుణించినది మాత్రమే. ఇంతకు మించి అందులో మర్మమేమియు లేదు.

టాన్ నిష్పత్తి గనుక దానికి కొలమానము లేదు. ఎత్తును, దూరమును రెంటిని అడుగులలో కొలిచినను, మీటర్లలో కొలిచినను, గజములలో కొలిచినను ఒకే అంకె వచ్చును. రెంటిని ఒకే కొలతలో తీసికొనుట మాత్రము తప్పనిసరి. ఎత్తు సెంటీమీటర్లలోను, దూరము మీటర్లలోను ఉన్నచో ముందుగా ఒకదానిని మార్చుకొనవలెను.

2. త్రిభుజము చిన్నదైనను పెద్దదైనను టాన్ ఒకటే

ఇది ఈ విద్యకంతటికి పునాది. కళ్ళములో చిన్న వడ్ల రాశిని, పెద్ద వడ్ల రాశిని పోయుడు. ఒకే ధాన్యము, ఒకే తేమ అయినచో రెండు రాశుల ప్రక్కలు ఒకే వాలుగా నిలుచును. పెద్ద రాశి ఎత్తు ఎక్కువ, పాదము కూడ అదే పాళముగా వెడల్పు. ఎత్తును పాదపు వ్యాసార్ధముచే భాగించినచో రెంటికిని ఒకే అంకె వచ్చును. కోణము మారనంత వరకు నిష్పత్తి మారదు. అందుచేతనే చీటీపై గీచిన జానెడు త్రిభుజము నుండి పొలములోని వంద మీటర్ల త్రిభుజమును లెక్కించగలము.

మన దేశపు పూర్వులు ఈ సంగతిని బాగుగా నెరిగియుండిరి. నేలపై శంకువు అను కొయ్యను నిలిపి, దాని నీడను కొలిచి కాలమును, దిక్కులను గణించిరి. ఆర్యభటుడు క్రీ. శ. 499 నాటి తన ఆర్యభటీయములో అర్ధజ్యల విలువలను కూర్చెను. టాంజెంటు అను పేరు 1583లో డెన్మార్కు దేశీయుడగు థామస్ ఫింకే గ్రంథములో వచ్చినది. ఆ మాటకు తాకునది అని అర్థము. వృత్తమును తాకెడి స్పర్శరేఖపై ఈ పొడవును కొలుచుట వలన ఆ పేరు కలిగినది.

3. టాన్ విలువను కట్టు విధములు

(అ) గీచి కొలుచుట: పిల్లల జ్యామితి పెట్టెలోని కోణమానిని తీసికొనుడు. చీటీపై సరిగా 10 సెంటీమీటర్ల అడ్డగీత గీయుడు. ఎడమ కొన వద్ద కావలసిన కోణమును, అనగా 20 డిగ్రీలను, గుర్తించి వాలు గీత లాగుడు. కుడి కొన నుండి నిలువు గీత లేపి, వాలు గీతను తాకు వరకు కొలువుడు. సుమారు 3.6 సెంటీమీటర్లు వచ్చును. దానిని 10చే భాగించినచో 0.36. పట్టికలోని విలువ 0.3640. పొలము పనికి ఇది చాలును.

(ఆ) ఏ పట్టికయు అక్కరలేని మూడు కోణములు: ఒక చదరమును మూల నుండి మూలకు కోసినచో 45 డిగ్రీల కోణము వచ్చును. ఎత్తును దూరమును సమానము గనుక టాన్ 45° = 1. ఇక మూడు భుజములును 2 మూరలుగా గల త్రిభుజమును నడిమికి నిలువుగా కోయుడు. పాదము 1 మూర, ఎత్తు 3 యొక్క వర్గమూలము, అనగా 1.732 మూరలు. పాదము వద్ద కోణము 60 డిగ్రీలు, శిఖరము వద్ద 30 డిగ్రీలు. కావున టాన్ 60° = 1.732, టాన్ 30° = 1 ÷ 1.732 = 0.577.

(ఇ) చిన్న కోణములకు సులభ సూత్రము: పొలముల వాలు సాధారణముగా పది డిగ్రీలకు లోపుగానే యుండును. అట్టి చిన్న కోణములలో ఒక్కొక్క డిగ్రీకి టాన్ సుమారు 0.0175 చొప్పున పెరుగును. కనుక డిగ్రీలను 1.75చే గుణించినచో వాలు శాతము, శాతమును 1.75చే భాగించినచో డిగ్రీలు వచ్చును. 4 డిగ్రీలకు 7 శాతము, 6 శాతమునకు 3.43 డిగ్రీలు. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకొన్నను మేలు. 10 డిగ్రీల వద్ద ఈ సూత్రము 17.5 శాతమని చెప్పును, సరియైనది 17.63. తేడా స్వల్పమే.

ఇంకను నిశితముగా కావలసిన వారు కోణమును మొదట 0.017453చే గుణింపవలెను. వచ్చిన దానిని రేడియన్లలో కొలిచిన కోణమందురు. దానిని దానిచేతనే రెండుమార్లు గుణించి, 3చే భాగించి, మొదటి దానికి కలుపవలెను. 10 డిగ్రీలకు రేడియన్లు 0.17453. మూడు మార్లు వేసిన గుణకారము 0.005316, అందు మూడవ వంతు 0.001772. రెంటిని కలుపగా 0.1763. ఇది పట్టికలోని విలువయే. 20 డిగ్రీల వరకు ఈ పద్ధతి నమ్మదగినది. అంతకు మించినచో తప్పు పెరుగును.

(ఈ) కోణము రెట్టింపైనచో: కోణము రెట్టింపైన టాన్ కూడ రెట్టింపగునని అనుకొనుట పొరపాటు. టాన్ 30° విలువ 0.577 గనుక దాని రెట్టింపు 1.155. కాని టాన్ 60° విలువ 1.732! సరియైన పద్ధతి ఏమనగా, టాన్‌ను రెట్టించి, ఒకటిలో నుండి టాన్ యొక్క వర్గమును తీసివేయగా మిగిలిన దానిచే భాగింపవలెను. 0.577 వర్గము మూడవ వంతు. ఒకటిలో నుండి తీసివేయగా రెండు మూడవ వంతులు, అనగా 0.667. 1.155ను దీనిచే భాగించగా 1.732 వచ్చును. కోణము చిన్నదైనచో వర్గము మిక్కిలి స్వల్పమగును. అందుచేతనే 1.75 సూత్రము చిన్న కోణములకు మాత్రము పనికివచ్చును.

(ఉ) ఫోనులోని గణన యంత్రము: ఇందు కోణమును డిగ్రీలలో గాని, రేడియన్లలో గాని ఈయవచ్చును. యంత్రము దేనిలో నున్నదో చూడక వాడినచో లెక్క అంతయు తారుమారగును. పరీక్ష సులభము. ముందుగా టాన్ 45 నొక్కి చూడుడు. 1 వచ్చినచో డిగ్రీలలో నున్నది. 1.6198 వచ్చినచో రేడియన్లలో నున్నది, మార్చుకొనవలెను.

ఈ క్రింది పట్టికను వ్రాసికొని గోడకు అంటించుకొనుడు.

కోణము – టాన్ – వాలు శాతము
1° – 0.0175 – 1.75
2° – 0.0349 – 3.49
3° – 0.0524 – 5.24
4° – 0.0699 – 6.99
5° – 0.0875 – 8.75
6° – 0.1051 – 10.51
8° – 0.1405 – 14.05
10° – 0.1763 – 17.63
15° – 0.2679 – 26.79
20° – 0.3640 – 36.40
25° – 0.4663 – 46.63
30° – 0.5774 – 57.74
35° – 0.7002 – 70.02
40° – 0.8391 – 83.91
45° – 1.0000 – 100
50° – 1.1918 – 119.18
55° – 1.4281 – 142.81
60° – 1.7321 – 173.21
70° – 2.7475 – 274.75
80° – 5.6713 – 567.13

పట్టికను చూచినచో రెండు సంగతులు తెలియును. మొదటిది, నూరు శాతము వాలు అనగా నిట్టనిలువు గోడ కాదు, 45 డిగ్రీలు మాత్రమే. రెండవది, కోణము పెరిగిన కొలది టాన్ మిక్కిలి వేగముగా పెరుగును. 89 డిగ్రీలకు 57.29 అగును. 90 డిగ్రీలకు విలువయే లేదు, ఏలయన సమతల దూరము సున్న అగును, సున్నచే భాగింపరాదు.

4. వాలు, గట్ల ఎడము

మెట్ట భూములలో వాలుకు అడ్డముగా, ఒకే ఎత్తు గల చోట్ల వెంబడి వేయు గట్లను కాంటూరు గట్లందురు. వర్షము తక్కువగా నుండి, నేల నీటిని చక్కగా ఇంకించుకొను ఎర్ర భూములకు, సుమారు 6 శాతము వరకు వాలు గల చోట్లకు ఇవి అనుకూలము. అనంతపురం ప్రాంతపు ఎర్ర చెల్కలు ఇట్టివి. లోతైన నల్లరేగడిలో నీరు గట్టు వెనుక నిలిచి, నేల బీటలు వారి గట్లు తెగును గనుక అచట ఇవి పనికిరావు.

రెండు గట్ల మధ్య ఎంత పల్లము ఉండవచ్చునో చెప్పుటకు భూసంరక్షణ శాస్త్రములో వాడుకలో నున్న సూత్రమొకటి కలదు. వాలు శాతమును 3చే భాగించి, 2 కలిపి, 0.3చే గుణించినచో ఎత్తు తేడా మీటర్లలో వచ్చును. దానిని టాన్‌చే భాగించినచో గట్ల మధ్య సమతల దూరము వచ్చును. వర్షపాతమును, నేలను బట్టి ఇందలి అంకెలను మార్చుచుందురు. అయినను లెక్క నడక తెలియుటకు దీనిని తీసికొందము.

3 శాతము వాలు గల పొలము: 3 ÷ 3 = 1. దానికి 2 కలుపగా 3. 0.3చే గుణింపగా 0.9 మీటరు. 0.9 ÷ 0.03 = 30 మీటర్లు. గట్టునకు గట్టునకు 30 మీటర్ల ఎడము.

3 డిగ్రీల వాలు గల పొలము: పట్టికను బట్టి ఇది 5.24 శాతము. 5.24 ÷ 3 = 1.747. దానికి 2 కలుపగా 3.747. 0.3చే గుణింపగా 1.124 మీటర్లు. 1.124 ÷ 0.0524 = సుమారు 21.5 మీటర్లు.

ఇప్పుడు పొరపాటు ఎంతో చూడుడు. నిజముగా 3 డిగ్రీల వాలున్న పొలములో, 3 శాతమని తలచి 30 మీటర్లకొక గట్టు వేసినచో ఒక్కొక్క గట్టు వెనుక చేరవలసిన దానికంటె సుమారు 40 శాతము హెచ్చు నేల నుండి నీరు వచ్చి చేరును. రెండు గట్ల మధ్య పల్లము 1.12 మీటర్లకు బదులు 1.57 మీటర్లగును. 200 మీటర్ల పొడవు గల వాలుపై 9 గట్లు ఉండవలసిన చోట 6 మాత్రమే యుండును. పై గట్టు తెగినచో దాని నీరంతయు క్రింది గట్టుపై పడును. అదియు తెగును. ఇట్లు వరుసగా అన్నియు తెగి, ఏండ్ల తరబడి ఎరువు వేసి పెంచుకొన్న పైమట్టి వంక పాలగును. వేసిన గట్ల ఖర్చు పోయినచో మరల పెట్టవచ్చును గాని, పోయిన పైమట్టి ఒక తరములో తిరిగి రాదు.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడ కలదు. 3 శాతము వాలును 3 డిగ్రీలుగా తలచినవాడు గట్లను దగ్గర దగ్గరగా వేసి, సాగు నేలను, కూలిని వృథా చేసికొనును. నేల తెగదు గాని డబ్బు తెగును.

వాలు పెరిగిన కొలది నీటి వడి కూడ పెరుగును. తక్కిన పరిస్థితులు ఒకటిగా నున్నచో, వాలు నాలుగు రెట్లయినప్పుడు వడి రెండు రెట్లగును. వడి రెండు రెట్లయినచో నీటికి మట్టిని కోయు బలము నాలుగు రెట్లగును. కనుక వాలును ఉజ్జాయింపుగా గాక అంకెతో తెలిసికొనుట అవసరము.

5. పొలము వాలును కొలుచు సరియైన పద్ధతి

కోణమానినితో గాని ఫోనుతో గాని అర డిగ్రీ తప్పు రావడము సామాన్యము. అర డిగ్రీ అనగా 0.87 శాతము. రెండు శాతము వాలు గల నేలలో ఇది దాదాపు సగము తప్పు! కావున మెల్లని వాలు గల పొలములలో కోణమును కొలువక, టాన్‌నే నేరుగా కొలువవలెను. అనగా ఎత్తును, దూరమును కొలిచి భాగింపవలెను. దీనికి మేస్త్రీలు వాడు నీటి గొట్టము చాలును.

లోపలి నీరు కనిపించునట్టి ప్లాస్టిక్ గొట్టము 15 మీటర్లది తీసికొని, గాలి బుడగలు లేకుండ నీరు నింపుడు. రెండు తిన్నని కర్రలకు అడుగు నుండి సెంటీమీటర్ల గుర్తులు పెట్టుడు. గొట్టము కొనలను ఆ కర్రలకు కట్టి, ఒకదానిని మెరకలోను, రెండవ దానిని సరిగా 10 మీటర్ల దూరమున పల్లములోను నిలువుగా నిలుపుడు. దూరమును నేల మీద గాక, తాడును బిగించి మట్టముగా పట్టి కొలువుడు. నీరు కదలక నిలిచిన పిదప రెండు కర్రలపై నీటి మట్టమును చదువుడు. మెరకలో 62 సెంటీమీటర్లు, పల్లములో 92 సెంటీమీటర్లు వచ్చినచో తేడా 30 సెంటీమీటర్లు, అనగా 0.30 మీటరు. 0.30 ÷ 10 = 0.03. వాలు 3 శాతము.

ఒక్క చోటనే చూచి ఊరకుండవలదు. పొలములో పై భాగమున, నడుమ, క్రింది భాగమున కొలిచి చూడుడు. అంకెలు దగ్గరగా నున్నచో సగటు తీసికొనుడు. ఒక భాగము మిక్కిలి ఏటవాలుగా నున్నచో దానిని విడిగా లెక్కింపవలెను, సగటులో కలుపరాదు. ఈ గొట్టముతోనే ఒకే మట్టము గల చోట్లను వరుసగా గుర్తించి, గుంజలు పాతి, గట్టు గీతను కూడ వేసికొనవచ్చును.

6. కోణము కొలుచు సాధనము

కోణము పెద్దదైన చోట, అనగా చెట్ల ఎత్తు, ధాన్యపు రాశి, కాలువ వెడల్పు మొదలగు వాటికి కోణమానిని పనికివచ్చును. కోణమానిని తిన్నని అంచునకు ఒక గొట్టపు ముక్కను అంటించుడు. నడిమి రంధ్రము నుండి దారము దిగవిడిచి, కొనకు చిన్న రాయి కట్టుడు. గొట్టము మట్టముగా నున్నప్పుడు దారము 90 గుర్తుపై నిలుచును. గొట్టము గుండా చెట్టు చివరను చూచినప్పుడు దారము ప్రక్కకు జరుగును. అప్పటి గుర్తునకును 90కిని గల తేడాయే ఊర్ధ్వకోణము. దారము 40 వద్ద నిలిచినచో కోణము 50 డిగ్రీలు. గాలి లేనప్పుడు, రెండవవాడు గుర్తును చదువునట్లు చూచుకొనుడు.

చెట్టు ఎత్తు: ఇంటి దగ్గర కొబ్బరి చెట్టును కొట్టవలసి వచ్చినది. 14 మీటర్ల దూరమున విద్యుత్తు తీగ కలదు. చెట్టు తీగపై పడునా? చెట్టు మొదలు నుండి 12 మీటర్ల దూరమున నిలిచి చూడగా చివర కోణము 50 డిగ్రీలు. 12 × 1.1918 = 14.3. మీ కంటి ఎత్తు 1.5 మీటర్లు కలుపగా 15.8 మీటర్లు. తీగ దూరమున కంటె చెట్టే పొడవు. కనుక ఆ వైపునకు కూల్చరాదు, విద్యుత్తు శాఖ వారికి తెలుపక పని మొదలిడరాదు.

పట్టికయు సాధనమును లేనివారు చదరపు కాగితమును మూల నుండి మూలకు మడిచి, ఒక అంచును మట్టముగా పట్టుకొని, మడత వెంబడి చూచుచు వెనుకకు నడువవలెను. చెట్టు చివర మడత గీతలో కనబడిన చోట కోణము 45 డిగ్రీలు, టాన్ 1. అచట నుండి చెట్టు మొదలు వరకు గల దూరమునకు కంటి ఎత్తు కలిపినచో చెట్టు ఎత్తు. ఈ రెండు పద్ధతులును మీరు నిలిచిన చోటును, చెట్టు మొదలును ఒకే మట్టమున నున్నప్పుడే సరిపోవును.

ఎంత దూరమున నిలువవలెననునది ముఖ్యము. చెట్టు ఎత్తుకు దగ్గరి దూరములో నిలిచినచో, కోణములో ఒక డిగ్రీ తప్పు వచ్చినను 20 మీటర్ల చెట్టులో 70 సెంటీమీటర్ల తేడాయే వచ్చును. చెట్టు క్రిందికి చేరి 75 డిగ్రీల కోణములో చూచినచో అదే ఒక డిగ్రీ మీటరున్నర తేడా తెచ్చును.

కాలువ వెడల్పు: అవతలి గట్టుపై మీకు సూటిగా ఎదురుగా నున్న చెట్టు నొకదానిని గుర్తించుడు. మీ గట్టు వెంబడి, ఆ చూపునకు అడ్డముగా, 20 మీటర్లు నడువుడు. అచట నుండి చెట్టును చూచు గీతకును గట్టునకును నడుమ కోణమును, కోణమానిని నేల మట్టముగా పట్టి కొలువుడు. 55 డిగ్రీలు వచ్చినచో వెడల్పు 20 × 1.4281 = 28.6 మీటర్లు. కాలువ దాటించవలసిన పైపుల లెక్క ఇంటనే వేసికొనవచ్చును.

వడ్ల రాశి: కళ్ళములో గుండ్రముగా పోసిన రాశిలో ఎంత ధాన్యమున్నదో అమ్మకమునకు ముందే తెలిసినచో మోసపోనక్కర లేదు. పాదము చుట్టుకొలత 12 మీటర్లు అనుకొందము. దానిని 6.28చే భాగించినచో వ్యాసార్ధము 1.91 మీటర్లు. తిన్నని బద్దను రాశి ప్రక్కపై ఆనించి, దానిపై కోణమానిని పెట్టి కొలువగా 35 డిగ్రీలు. ఎత్తు 1.91 × 0.7002 = 1.34 మీటర్లు. ఘనపరిమాణమునకు వ్యాసార్ధపు వర్గమును 3.14చేతను, ఎత్తుచేతను గుణించి 3చే భాగింపవలెను. 3.65 × 3.14 × 1.34 ÷ 3 = సుమారు 5.1 ఘనపు మీటర్లు.

ఇక తూకము. 10 లీటర్లు పట్టెడి బకెట్టును అదే వడ్లతో నింపి తూచుడు. 5.8 కిలోలు తూగినచో ఘనపు మీటరునకు 580 కిలోలు. 5.1 × 580 = 2,958 కిలోలు, అనగా సుమారు 29.5 క్వింటాళ్ళు. ఈ లెక్క తూకమునకు బదులు కాదు, తూకమును సరిచూచుకొనుటకు మాత్రమే. కోణమును 35కు బదులు 37గా చదివినచో రెండు క్వింటాళ్ళకు పైగా తేడా వచ్చును. కనుక నాలుగు వైపుల కొలిచి సగటు తీసికొనవలెను.

చెట్టు నీడ: సౌరశక్తితో నడుచు పంపు పలకలపై నీడ పడినచో విద్యుత్తు తగ్గును. హైదరాబాదు వంటి చోట డిసెంబరు 22న సూర్యుడు నడిమింటికి వచ్చినపుడు సుమారు 49 డిగ్రీల ఎత్తున నుండును. టాన్ 49° విలువ 1.15. 6 మీటర్ల చెట్టు నీడ 6 ÷ 1.15 = 5.2 మీటర్లు, ఉత్తరమునకు పడును. అంతకు మూడు గంటల ముందు సూర్యుని ఎత్తు 30 డిగ్రీలే. నీడ 6 ÷ 0.577 = 10.4 మీటర్లు, వాయవ్యమునకు పడును. మూడు గంటల తరువాత అంతే నీడ ఈశాన్యమునకు పడును. కనుక పలకలను చెట్టునకు ఉత్తరమున అమర్చువారు మధ్యాహ్నపు నీడను మాత్రమే చూచి స్థలము నిర్ణయింపరాదు.

7. గుర్తుంచుకొనదగిన విషయములు

1. టాన్ అనగా ఎత్తును సమతల దూరముచే భాగించినది. కర్ణముచే భాగింపరాదు.
2. డిగ్రీలు వేరు, శాతము వేరు. పొలముల వాలులో డిగ్రీలను 1.75చే గుణించినచో శాతము వచ్చును.
3. మెల్లని వాలును కోణముతో గాక నీటి గొట్టముతో కొలువవలెను.
4. గణన యంత్రమును వాడుటకు ముందు టాన్ 45 నొక్కి, 1 వచ్చునో లేదో చూడవలెను.
5. ఎత్తు కొలుచునపుడు కోణము 45 డిగ్రీలకు దగ్గరగా నుండునట్లు నిలువవలెను. కంటి ఎత్తు కలుపుట మరువరాదు.

8. అభ్యాసము

ఈ లెక్కలను స్వయముగా చేసి, క్రింది జవాబులతో సరిచూచుకొనుడు.

(1) నీటి గొట్టముతో 8 మీటర్ల దూరములో 16 సెంటీమీటర్ల తేడా వచ్చినది. వాలెంత? పైన చెప్పిన సూత్రము ప్రకారము గట్ల ఎడమెంత?
(2) టేకు చెట్టునకు 10 మీటర్ల దూరమున నిలిచి చూడగా కోణము 60 డిగ్రీలు, కంటి ఎత్తు 1.5 మీటర్లు. చెట్టు ఎత్తెంత?
(3) ఫోను 5 అని చూపినది. ఆ నేల కాంటూరు గట్లకు తగునా?

జవాబులు: (1) 2 శాతము. ఎత్తు తేడా 0.8 మీటరు, ఎడము 40 మీటర్లు. (2) 18.8 మీటర్లు. (3) 5 డిగ్రీలనగా 8.75 శాతము. 6 శాతమును మించినది గనుక కాంటూరు గట్లతో సరిపెట్టుకొనరాదు. భూసంరక్షణ సిబ్బందికి చూపి, వారి సలహాపై పని చేయవలెను.

తొలకరికి ముందే, నేల ఖాళీగా నున్నప్పుడు, ఇరుగు పొరుగు రైతులు ఇద్దరు కలిసి ఒక గొట్టమును, రెండు కర్రలను సిద్ధపరచుకొని తమ పొలముల వాలును కొలిచి ఒక పుస్తకములో వ్రాసికొనుట మంచిది. ఇంటిలో చదువుకొను పిల్లలున్నచో వారిని కూడ తీసికొని పోవుడు. పుస్తకములో చదివిన టాన్ పొలములో కనబడినచో వారు దానిని మరువరు. వాన ఎప్పుడు ఎంత కురియునో మన చేతిలో లేదు. కురిసిన నీటిని ఎచట నిలుపవలెనో లెక్క కట్టుట మాత్రము మన చేతిలోనే యున్నది.